కష్టానికి చిరునామా దొరికిన రోజు

1789 జూలై 14న పారిస్ జనం బాస్టిల్ కోట మీద పడి పట్టుకున్నప్పుడు లోపల ఉన్న ఖైదీలు ఏడుగురే. ఆ ఏడుగురి కోసం ఒక రాజ్యం తలకిందులు కాలేదు. అయినా ఫ్రెంచి విప్లవం అనగానే మన పిల్లలకు పరీక్షలో పడే ప్రశ్న ఆ తేదీ మీదే. దానికి ఏడాది ముందు, 1788 జూలై 13న, ఫ్రాన్స్‌లో పెద్ద వడగళ్ల వాన కురిసి కోతకొచ్చిన చేలు నేలమట్టమయ్యాయి. వెనకే వచ్చిన చలికాలంలో నదులు గడ్డకట్టి పిండి మరలు ఆగిపోయాయి. పారిస్‌లో మామూలుగా 8 సూలకు దొరికే నాలుగు పౌన్ల రొట్టె 1789 మొదట్లో పద్నాలుగున్నర సూలకు ఎక్కింది. సూ అంటే అప్పటి చిల్లర నాణెం. కూలి చేసుకునేవాడి సంపాదనలో సగం మామూలు రోజుల్లోనే రొట్టెకు పోయేది. ధర అలా పెరిగాక అద్దెకూ కట్టెలకూ బట్టకూ మిగిలిందేమీ లేదు.

ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో లేవని నేననడం లేదు. "విప్లవానికి కారణాలు" అన్న శీర్షిక కింద నాలుగో కారణంగానో ఐదో కారణంగానో ఉంటాయి. నా పేచీ అక్కడే. రొట్టె ధరను కారణాల జాబితాలోకి తోసేసి, కోటను మలుపుగా నిలబెడతాం. నన్నడిగితే అసలు మలుపు ఆ ఏడాది అక్టోబరు 5న వచ్చింది. ఆ పొద్దున పారిస్ బజార్లలో చేపలూ కూరగాయలూ అమ్ముకునే ఆడవాళ్లు రొట్టె లేదని కేకలు పెడుతూ రాజు ఉండే వెర్సాయ్ దారి పట్టారు. వేలమంది. వానలో, బురదలో, ఇరవై కిలోమీటర్ల నడక. మర్నాడు రాజునూ రాణినీ వాళ్ల కొడుకునూ బండెక్కించి పారిస్ తీసుకొచ్చారు. దారి పొడుగునా జనం అరిచిన అరుపు ఇప్పటికీ చెప్పుకుంటారు: "రొట్టెలవాణ్ని, రొట్టెలవాడి పెళ్లాన్ని, రొట్టెలవాడి పిల్లాణ్ని పట్టుకొస్తున్నాం!"

ఫ్రాన్స్‌కు రొట్టె కరువు కొత్తేమీ కాదు. 1775లోనూ ధరలు పెరిగి జనం పిండి మరల మీదా గోదాముల మీదా పడ్డారు. అప్పుడు కోపమంతా వ్యాపారుల మీద. పధ్నాలుగేళ్ల తర్వాత అదే ఆకలి నేరుగా రాజు ఇంటి తలుపు తట్టింది. ఆకలి అదే, చిరునామా మారింది. నేను చెప్పదలచుకున్నది ఇదే: కష్టం ఎంత పెద్దదైనా దానంతటది చరిత్రను తిప్పదు. ఇది తలరాత కాదు, ఫలానా చోట, ఫలానా వాళ్ల చేతుల్లో ఉన్న సంగతి అని మామూలు మనుషులకు తెలిసిన రోజున తిరుగుతుంది. 1917 మార్చి 8న రష్యా రాజధాని పెట్రోగ్రాడ్‌లో బట్టల మిల్లుల ఆడవాళ్లు రొట్టె కోసం వీధిలోకి వచ్చారు. సరిగ్గా వారం తిరిగేసరికి మూడు వందల ఏళ్ల రాజవంశానికి చెందిన జారు గద్దె దిగాడు. అక్కడా అంతే.

ఇదే కొలతతో మా గుంటూరును చూస్తే మనసు కలుక్కుమంటుంది.

1832లో నందన నామ సంవత్సరం. వానలు మొహం చాటేశాయి. మరుసటేడు కూడా తేరుకోలేదు. నందన కరువనీ డొక్కల కరువనీ మన పెద్దవాళ్లు చెప్పుకున్నది దాన్నే. అప్పటి గుంటూరు జిల్లాలో జనాభా దాదాపు 5 లక్షలు. అందులో లక్షన్నర నుంచి 2 లక్షల మంది పోయారని అంచనా. అంటే ప్రతి పదిమందిలో ముగ్గురి నుంచి నలుగురు. మద్రాసు వైపూ బందరు వైపూ వెళ్లే దారుల్లో శవాలు పడి ఉండేవని ఆ దారిన పోయిన తెల్లవాళ్లే రాసిపెట్టారు. పారిస్‌లో 1789లో జరిగిన కష్టం దీని పక్కన ఏ మూలకు? అయినా ఆ కరువు నుంచి ఏ ఉద్యమమూ పుట్టలేదు. ఎవరూ ఏ కోట మీదికీ నడవలేదు. నడిచినవాళ్లు గంజి కోసం నడిచారు, దారిలో పడిపోయారు.

ఎందుకు? మన వాళ్లకు తెగువ లేకనా? కానే కాదు. వాన కురవకపోతే ఎవరిని అడుగుతారు? వరుణుణ్ని అడుగుతారు, గంగమ్మకు మొక్కుతారు, కప్పలకు పెళ్లి చేస్తారు. మనిషిని అడగాలన్న ఆలోచన పుట్టాలంటే, మనిషి చేయగలిగింది ఒకటుందని ముందు తెలియాలి. తెలిసినవాళ్లు లేకపోలేదు. కృష్ణకు అడ్డుకట్ట వేసి నీళ్లు పొలాలకు మళ్లించవచ్చని బీట్సన్ అనే అధికారి 1790ల్లోనే ఈస్టిండియా కంపెనీ వారికి చూపించాడు. కృష్ణ పుట్టేది పడమటి కనుమల్లో, మహాబలేశ్వరంలో. గుంటూరులో చినుకు పడకపోయినా అక్కడి వానలకు నదిలో నీళ్లు వస్తాయి, బెజవాడ కొండల మధ్యగా పోయి సముద్రంలో కలుస్తాయి. ఆ కాగితం కచేరీలో నలభై ఏళ్లు పడి ఉంది. జిల్లా కరువులో పోయింది. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి ఏ పుస్తకంలోనూ మాకు చెప్పలేదు. చెప్పి ఉంటే చరిత్ర మీద నాకు చిన్నప్పుడే ప్రేమ పుట్టేది.

1845 నుంచి ఐర్లాండులో బంగాళాదుంపకు తెగులు వచ్చి 10 లక్షల మంది చనిపోయారు, మరో 10 లక్షల మంది దేశం వదిలి ఓడలెక్కారు. ఆ ఏళ్లలో కూడా ఐర్లాండు రేవుల నుంచి ఓట్స్ ధాన్యం, పశువులు, వెన్న ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. 1943లో బెంగాల్లో 30 లక్షల దాకా పోయారు. అక్కడ తిండిగింజల కొరత కంటే, గింజలు కొనే శక్తి పోవడమే ఎక్కువమందిని చంపిందని అమర్త్య సేన్ లెక్కలు తీసి చూపించాడు. పత్రికలూ ఎన్నికలూ సరిగా పనిచేసే దేశంలో పెద్ద కరువు రాలేదన్న ఆయన మాట నేను తరచూ తలచుకుంటాను. పత్రిక చేసే పని ఏమిటి? ఆకలికి చిరునామా రాయడమేగా.

మళ్లీ బెజవాడకు వస్తాను. కరువుతో కంపెనీకి వచ్చే శిస్తు పడిపోయింది. ఎదురుగా గోదావరి మీద ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయి, దాని లాభం లెక్కల్లో కనిపించసాగింది. ఆ ఏడే ఇటు కెప్టెన్ ఆర్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య కృష్ణ ఆనకట్ట మొదలై 1855కల్లా అయిపోయింది. దయ కొద్దీ కట్టారని నేను నమ్మను, శిస్తు కోసమే కట్టారు. అయినా ఫలితం మాత్రం వాళ్లు ఊహించినంతలో ఆగలేదు. 1952 వరదలో ఆ పాత ఆనకట్టకు గండి పడింది. దాని ఎగువన ప్రకాశం బ్యారేజీ కట్టి 1957లో తెరిచారు. ఇవాళ దాని కింద 12 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు. బెజవాడను ముక్కలు చేస్తూ పోయే ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ, అవతలి ఒడ్డున గుంటూరు వైపు పోయే కొమ్మమూరు కాలువ, అన్నీ ఆ నీళ్లే.

మనం దీన్ని వరి పండిన కథగానే చెప్పుకుంటాం. నాకు అందులో ఇంకో కథ కనిపిస్తుంది. మా తాతయ్యది రేపల్లె పక్కన శివారు పొలం. కాలువ చివర భూమి ఉన్నవాడి అవస్థ డెల్టాలో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. కాలువలు వదిలారని పేపర్లో పడుతుంది, మన తూము దగ్గర మాత్రం బురదే. పైవాళ్లు షట్టరు కింద గోనె సంచులు కుక్కి నీళ్లు తమ బోదెలోకి లాక్కుంటారు. వంతు రాత్రి పూట వస్తే టార్చిలైటూ పలుగూ పట్టుకుని గట్టు మీదే పడుకోవాలి. కాలువ తూములు ఎత్తి దించే లస్కరుతో తాతయ్య పడిన తగువులు నాకు బాగా గుర్తు. "ఏమయ్యా, ఇవాళ వంతు మాది కదా, మా తూము ఎందుకు దించేశావు?" అంటే, "నన్నేం చెయ్యమంటారండీ, పైనుంచే రావడంలేదు. డీఈ గారిని అడగండి" అనేవాడు ఆ లస్కరు. డీఈ అంటే అతని పైనుండే ఇంజనీరు. తాతయ్య పంచె పైకి కట్టి సైకిలెక్కేవాడు. వెళ్లి అడిగేవాడు. కొన్నిసార్లు నీళ్లొచ్చేవి, కొన్నిసార్లు రాలేదు.

తాతయ్యకు నాలుగైదు తరాల ముందు అదే నేల మీద బతికినవాడు ఆకాశం కేసి చూసి ఏడ్చాడు. తాతయ్య లస్కరును నిలదీశాడు, డీఈ ముందు బల్ల గుద్దాడు, ఓటు వేసేటప్పుడు నీళ్ల సంగతి చూసి వేశాడు. నీళ్లు రాని ఏడాది ఇద్దరికీ ఉంది. కానీ ఒకరికి అడగడానికి మనిషి లేడు, ఇంకొకరికి ఉన్నాడు. ఆనకట్ట తెచ్చిన పెద్ద మార్పు అదేనని నా గట్టి నమ్మకం. వరి ఆ తర్వాత సంగతి.

స్వాతంత్ర్యోద్యమాన్ని కూడా ఈ కంటితో చూస్తే మన ప్రాంతం ముందువరసలో కనిపిస్తుంది. 1921లో ఇక్కడే, బెజవాడలో, అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగి కోటి మంది సభ్యులు, కోటి రూపాయల తిలక్ నిధి, 20 లక్షల రాట్నాలు అని తీర్మానించింది. పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా చూపించింది అప్పుడే. అది పుస్తకంలో ఉంటుంది, ఉండాల్సిందే. కానీ ఆ ఏడు అప్పటి గుంటూరు జిల్లాలోని చీరాలలో ఏం జరిగిందో చూడండి. చీరాల, పేరాలలను అంతకుముందే కలిపి మునిసిపాలిటీ చేశారు. పన్నులు అనేక రెట్లు పెరిగాయి. మగ్గం మీద బతికే ఊరు కట్టలేనంది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద 13 వేల మందికి పైగా ఇళ్లు వదిలేసి మునిసిపల్ హద్దు దాటి, రామనగరం అని పేరు పెట్టుకుని పాకలు వేసుకున్నారు. దాదాపు పదకొండు నెలలు. ఎండాకాలం, వానాకాలం, పురుళ్లు, జ్వరాలు, అన్నీ ఆ పాకల్లోనే. పన్ను వేసేది పట్నం హద్దు లోపలి ఇంటి మీద కాబట్టి ఇంటినే వదిలేశారు. కష్టం ఏ గీత దగ్గర మొదలవుతుందో అంత కచ్చితంగా గుర్తుపట్టిన ఉద్యమాలు ప్రపంచంలో ఎన్ని ఉంటాయి?

పల్నాడులో ఇంకా చిన్న విషయం, పుల్లరి. అడవిలో పశువు మేస్తే కట్టాల్సిన పన్ను. వానల్లేక బీళ్లు ఎండిపోయి పశువుల్ని నల్లమల వైపు తోలుకుపోతే, గడ్డికి డబ్బు కట్టమన్నారు. నీళ్లు పోసి పెంచామా, నారు వేశామా, ఎవడబ్బ సొమ్మని గడ్డికి పన్ను అని రైతు అడిగాడు. ఊళ్లు అధికారులకు నిప్పూ నీళ్లూ ఇవ్వడం మానేశాయి. మించాలపాడులో కన్నెగంటి హనుమంతు ముందుండి నడిపాడు. చౌరీచౌరా తర్వాత 1922 ఫిబ్రవరి 12న గాంధీజీ సహాయ నిరాకరణ ఆపేశారు. ఆ నెల చివర్లోనే హనుమంతు పోలీసు తూటాలకు పడిపోయాడు. దేశానికి ఉద్యమం ముగిసింది, పల్నాటి రైతుకు పుల్లరి ముగియలేదు. ఢిల్లీలో రాసిన చరిత్రకూ పశువుల కొట్టంలో జరిగిన చరిత్రకూ మధ్య ఆ పదిహేను రోజుల ఎడం ఉంది. ఆ ఎడంలో ఒక మనిషి ప్రాణం పోయింది.

ఎనిమిదేళ్ల తర్వాత, 1930 మార్చి 12న, 78 మందిని వెంటబెట్టుకుని గాంధీజీ దండికి బయల్దేరినప్పుడు ఉప్పెందుకని కాంగ్రెస్‌లోనే పెద్దవాళ్లు పెదవి విరిచారు. ప్రతి ఇంటి పొయ్యి దగ్గరా రోజూ ఉండేది, ప్రతి చిటికెలోనూ సర్కారు వాటా ఉన్నది అదొక్కటే. చిరునామా వెతకనక్కర్లేకుండా చేతిలో పెట్టారాయన. బందరు తీరం దాకా ఎంత తొందరగా అందుకుందో మన వాళ్లకు తెలుసు.

రోగాల చరిత్రలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1854 ఆగస్టు చివర లండన్‌లో సోహో పేటలో కలరా పడింది. పది రోజుల్లోనే 500 మంది దాకా పోయారు. చెడుగాలి వల్ల వస్తుందని అప్పటి వైద్యుల నమ్మకం. జాన్ స్నో అనే డాక్టరు ఇల్లిల్లూ తిరిగి, ఎవరు పోయారు, ఎక్కడి నీళ్లు తాగారు అని రాసుకున్నాడు. చావులన్నీ బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక చేతిపంపు చుట్టూ గుంపుకట్టాయి. పంపు పక్కనే ఉన్న బీరు బట్టీలో పనివాళ్లు దాదాపుగా ఎవరూ పోలేదు, వాళ్లు బీరు తాగేవాళ్లు, బట్టీకి సొంత బావి కూడా ఉంది. మరోపక్క దూరంగా హాంప్‌స్టెడ్‌లో ఉంటున్న ఒక ముసలావిడ పోయింది. ఆరా తీస్తే, పాత ఇంటి నీళ్ల రుచి మీద మమకారంతో ఆ పంపు నీళ్లు రోజూ సీసాలో తెప్పించుకునేదట. సెప్టెంబరు 8న పంపు పిడి తీయించారు. అప్పటికే జబ్బు తగ్గుముఖం పట్టింది, పెద్దలు స్నో మాట ఒప్పుకోనూ లేదు. కానీ ఎక్కడుందో తెలియని చెడుగాలి పోయి, ఒక వీధిలో ఒక ఇనుప పిడి మిగిలింది. ఊళ్లో కుళాయి నీళ్లు రంగు మారితే ఇవాళ మనం మునిసిపాలిటీకి ఫోన్ చేస్తున్నామంటే, ఆ ధైర్యం వెనక స్నో నోటుపుస్తకం ఉంది.

ఇక్కడ ఒక భయం కూడా చెప్పాలి, దాచిపెడితే నా వాదన అబద్ధమవుతుంది. మనుషులకు చిరునామా కావాలి, నిజమైనది దొరక్కపోతే తప్పుడుది రాసుకుంటారు. ప్లేగు యూరపును ఊడ్చేస్తున్న కాలంలో, 1349 ఫిబ్రవరి 14న, స్ట్రాస్‌బర్గ్‌లో యూదులు బావుల్లో విషం కలిపారని వందలమందిని సజీవంగా తగలబెట్టారు. అప్పటికి ఆ ఊళ్లోకి ప్లేగు ఇంకా రానే లేదు. ప్లేగు క్రిమిని యెర్సిన్ హాంకాంగులో కనిపెట్టింది 1894లో. ఎలుకల మీది గోమార్ల ద్వారా అది మనిషికి వస్తుందని సిమోన్ కరాచీలో తేల్చింది 1898లో. అసలు చిరునామా దొరకడానికి ఐదున్నర శతాబ్దాలు పట్టింది, తప్పుడు చిరునామాకు ఒక్క పుకారు చాలింది. అందుకే స్నోలాగా ఇల్లిల్లూ తిరిగేవాళ్లు కావాలంటాను. కోపం ఒక్కటే ఉంటే అది పక్కింటివాడి మీదికే పోతుంది.

ఎవరూ అడగకుండా, ఎవరూ పోరాడకుండా వచ్చిన మలుపుల మాటేమిటని మీరడగవచ్చు. గుంటూరువాణ్ని, మిరపకాయ గురించి మాట్లాడకుండా ఎలా ఉంటాను? కొండవీటి రెడ్డిరాజుల వంటశాలలో మిరపకాయ లేదు. కారమంటే మిరియాలు, పిప్పళ్లు. 1492 తర్వాత అమెరికా నుంచి యూరపుకు, అక్కడినుంచి పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన పడమటి తీరానికి వచ్చి, మెల్లగా తూర్పుకు పాకింది. ఏ రాజూ శాసనం వేయలేదు. ఇవాళ గుంటూరు మిర్చి యార్డు గేటు దగ్గరికి సీజన్లో వెళ్తే లోపలికి అడుగుపెట్టకముందే దగ్గు మొదలవుతుంది. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వరసలుగా నిలబెట్టి ఉంటాయి, తాలుకాయలు ఏరే ఆడవాళ్లు ముక్కుకూ నోటికీ గుడ్డ బిగించుకుని, చేతులు మండుతుంటే మధ్యమధ్య నీళ్లలో ముంచుకుంటూ పనిచేస్తుంటారు. ఓడలూ సముద్రాలూ అనే చరిత్ర ఆ చేతుల మంట దాకా వచ్చింది. కానీ అది కూడా నా మాటకు దూరం పోలేదనే అనుకుంటాను. మిరప వచ్చినప్పుడు ఎవరినీ అడగలేదు, నిజమే. 2021లో ఆగ్నేయాసియా నుంచి వచ్చిన నల్ల తామరపురుగు మిరప పూతను నాకేసినప్పుడు, రైతు అడిగాడు. ఏ మందు కొట్టినా ఎందుకు చావడంలేదు, నష్టపరిహారం ఏది, బీమా ఏమైంది, కౌలు రైతుకు కాగితం లేదు కాబట్టి వాడికేమీ రాదా? పంట సముద్రాలు దాటొచ్చినప్పుడు లేని ప్రశ్నలు, పురుగు సముద్రాలు దాటొచ్చినప్పుడు ఉన్నాయి. ఆ మధ్యలోనే మనం మారాం.

ఇంత చెప్పడానికి నన్ను కూర్చోబెట్టింది 2024 సెప్టెంబరు 1.

ఆ రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి పోయాయి. బ్యారేజీ చరిత్రలో అంత వరద ఎప్పుడూ రాలేదు. కొట్టుకొచ్చిన పడవలు గేట్ల కౌంటర్‌వెయిట్లను, అంటే గేట్లు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మెలను, గుద్దాయి. టీవీలన్నీ బ్యారేజీనే చూపించాయి. కానీ బెజవాడలో సింగ్‌నగర్‌నూ దాని చుట్టుపక్కల కాలనీలనూ ముంచింది కృష్ణ కాదు, వెనకనుంచి వచ్చిన బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే ఏరది. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, వరదను మళ్లింపు కాలువలోంచి బ్యారేజీ ఎగువన కృష్ణలోకి పంపే ఏర్పాటు ఉంది. కృష్ణే నిండుగా ఉన్న రోజున ఆ కాలువ నీళ్లు ఎక్కడికి పోతాయి? వెనక్కి తంతాయి. ఎడమ గట్టుకు గండ్లు పడ్డాయి, వాటిని పూడ్చడానికి సైన్యం కూడా రావాల్సి వచ్చింది.

మా పిన్ని వాళ్లిల్లు సింగ్‌నగర్‌లో. నీళ్లు తీశాక వెళ్లాను. హాల్లో స్విచ్చిబోర్డు మధ్యగా గోడ చుట్టూ గోధుమరంగు గీత, టేపు పెట్టి గీసినట్టు. బియ్యం డ్రమ్ము తిరగబడి బియ్యం కుళ్లి వాసన. కుట్టుమిషను చక్రం తిరగడంలేదు, ఆ మిషను మీదే పిన్ని ఇద్దరు పిల్లల్ని చదివించింది. డాబా మీద ఆధార్ కార్డులు, ఇంటి దస్తావేజులు, పెళ్లి ఫొటోలు పరిచి రాళ్లు పెట్టారు. "కృష్ణమ్మకు కోపమొచ్చిందిరా, మన రాత ఇంతే" అంది పిన్ని. "పిన్నీ, వచ్చింది కృష్ణమ్మ కాదు" అన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది. ఏ నీళ్లైతేనేం అన్నట్టు. ఆ చూపులో నాకు నందన కరువు కనిపించింది. అంత నష్టపోయిన మనిషికి, తనను ముంచిన నీళ్ల పేరు కూడా ఎవరూ చెప్పలేదు.

అదే రోజు, అదే ఊళ్లో, కృష్ణలంక ఎలా ఉంది? నది ఒడ్డునే ఉన్న పేట అది. కృష్ణకు వరదంటే చాలు, మూటలు సర్దుకుని పునరావాస కేంద్రానికి పోవడం అక్కడివాళ్లకు దశాబ్దాల అలవాటు. వాళ్లు ప్రతిసారీ గొడవ చేశారు, ప్రతి ఎన్నికల్లోనూ గోడ సంగతి అడిగారు. వేర్వేరు ప్రభుత్వాల హయాంలో దశలవారీగా రిటైనింగ్ వాల్ లేచింది. 2024లో రికార్డు వరద ఆ గోడ పక్కనుంచి పోయింది, కృష్ణలంక నిలిచింది. కృష్ణ కనిపించే నది, దానికి బ్యారేజీ ఉంది, గేజీ ఉంది, ఎన్ని క్యూసెక్కులో గంటగంటకూ చెబుతారు. బుడమేరు 2005లోనూ ముంచింది, అయినా ఊరి మధ్యలో అది ఎక్కడ పారుతుందో చాలామందికి తెలియదు. ఇళ్ల వెనక మురుగుకాలువలా మిగిలిపోయింది, రెండు వైపులా ఆక్రమణలు. కనిపించని ఏటి మీద ఎవరు ఎవరిని అడుగుతారు?

ప్రకృతి వైపరీత్యం అన్న మాటతో ఈ ఫైలు మూసేయడానికి నేను ఒప్పుకోను. వాన పడటం ప్రకృతి. గట్టు ఎప్పుడు బలపరిచారు, కాలువలో గుర్రపుడెక్క ఎప్పుడు తీశారు, ఏరు నడిచే దారిలో లేఅవుట్‌కు అనుమతి ఎవరిచ్చారు, వెలగలేరులో గేట్లు ఎత్తుతున్నామని ఏ వీధికి ఎప్పుడు చెప్పారు, ఇవి ప్రకృతి కావు. ప్రతిదానికీ ఒక తేదీ, ఒక సంతకం ఉంటాయి. స్నో చేసిన పని మనమూ చేయగలం. ఏ వీధిలో నీళ్లు ఎన్నింటికి వచ్చాయి, ఎంత ఎత్తు నిలిచాయి, ఏ వైపునుంచి వచ్చాయి అని ఇల్లిల్లూ అడిగి రాసుకోవడానికి నోటుపుస్తకం చాలు. గోడలకు కొత్త సున్నం వేయకముందే మా వాళ్లం కొందరం ఆ పని మొదలుపెట్టాం. గీతలు కొలిచాం, ఫొటోలు తీశాం, కాగితం మీద వీధుల పటం వేసి అడుగులు రాశాం. పటం మీద చూస్తే నీళ్లు నడిచిన దారి పాత ఏరు నడిచిన దారే.

ఆ పటం జతచేసి వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చాం. మూడే అడిగాం. వెలగలేరు దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదిలితే మా వీధికి ఎన్ని అడుగుల నీళ్లు వస్తాయో లెక్కకట్టి సచివాలయం గోడ మీద రాయాలి. గేట్లు ఎత్తే ముందు మైకులో చెప్పాలి. బుడమేరు హద్దురాళ్లు ఎక్కడున్నాయో జనానికి చూపించాలి. మీ ఇల్లు రాజరాజేశ్వరీపేటలోనో పాయకాపురంలోనో ఉంటే మీ వీధి కొలతలు కూడా తీసి ఇలాగే ఇవ్వండి. అర్జీ నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోవడం మర్చిపోకండి.